నానక్ కొడుకులు ఎందుకు గురువులు కాలేదు? మొదటి ఐదుగురు సిక్కు గురువుల గురించి నాకు తెలిసింది

మీరు అడిగినవి మూడు. నానక్ గారికి ఇద్దరు కొడుకులు ఉండగా గద్దె బయటివాళ్ళకి ఎందుకు వెళ్ళింది, అది మన పీఠాల్లాగా శిష్యుణ్ణి ఎంచుకోవడమా లేక వంశపారంపర్యమా, మొదటి ఐదుగురూ ఒక్కొక్కరు అసలు ఏం చేశారు అని. వచ్చే నెల ఫ్యామిలీతో బీదర్ వెళ్తున్నాం అని కూడా రాశారు, దాని సంగతి చివర్లో చెప్తా.

ముందే చెప్పేస్తున్నా, నేను సిక్కుని కాదు, హిస్టరీ ప్రొఫెసర్ని అంతకంటే కాదు. బ్యాంకు ఉద్యోగంలో జలంధర్, తర్వాత తరన్ తారన్ వైపు కలిపి తొమ్మిదేళ్ళు ఉన్నా. పంజాబీ రాసే గుర్ముఖి లిపి చదవడం అక్కడే నేర్చుకున్నా, లోను కాగితాలు అందులో వస్తుంటే నేర్చుకోక ఛస్తామా. ఇప్పుడు రిటైరై నిజామాబాద్‌లో ఉంటున్నా కాబట్టి ఏడాదికొకసారైనా పదో గురువు పోయిన నాందేడ్ వెళ్ళొస్తుంటా. కింద నేను "సాఖీ" అని రాసిన చోటల్లా అది తరతరాలుగా చెప్పుకునే కథ అనుకోండి, మన దగ్గర వేమన గురించి వీరబ్రహ్మం గారి గురించి చెప్పుకుంటాం చూడండి అలాగ. జరిగిందా లేదా అని కొట్టుకునే బదులు ఆ కథని వాళ్ళు ఎందుకు దాచుకున్నారు అని చూస్తే ఎక్కువ తెలుస్తుందని నా అభిప్రాయం.

నానక్ గారు 1469లో తల్వండీ అనే ఊళ్ళో పుట్టారు, ఇప్పుడది పాకిస్తాన్‌లో నన్‌కానా సాహిబ్. నాన్న మెహతా కాలూ ఆ ఊరి పట్వారీ, కోస్తా వాళ్ళ భాషలో చెప్పాలంటే కరణం గారు. కరణం గారబ్బాయి లెక్కలు చూసుకుంటాడు, వ్యాపారం చేస్తాడు అనుకుంటే ఈయన 20 రూపాయలు పట్టుకుని సరుకు కొనడానికి వెళ్ళి ఆకలితో ఉన్న సాధువులకి అన్నం పెట్టి ఖాళీ చేతులతో ఇంటికొచ్చాడని సాఖీ. ఇక లాభం లేదని అక్కగారు నానకీ, బావగారు జైరాం తమ ఊరు సుల్తాన్‌పూర్ లోధీకి పిలిపించి నవాబు దౌలత్ ఖాన్ లోడీ ధాన్యం కొట్లో పనిలో పెట్టించారు. అక్కడ గింజలు కొలుస్తూ పన్నెండు దాకా లెక్కపెట్టి పదమూడు దగ్గర ఆగిపోయేవాడట, ఎందుకంటే వాళ్ళ భాషలో తేరా అంటే పదమూడూ, "నీదే" అని కూడా. తేరా తేరా అంటూ కొలుస్తూ పోయాడు, పై వాళ్ళు తనిఖీకి వస్తే కొట్లో ఒక్క గింజ తగ్గలేదు అని కథ. బ్యాంకులో పనిచేసినవాణ్ణి కాబట్టి ఈ సాఖీ అంటే నాకు ఎప్పుడూ కొంచెం నవ్వు, కొంచెం భయం.

తర్వాత నదిలో స్నానానికి దిగి మూడు రోజులు కనిపించకుండా పోవడం, బయటికొచ్చి "హిందువూ లేడు ముస్లిమూ లేడు" అనడం, రబాబ్ వాయించే మర్దానాని వెంటేసుకుని ఏళ్ళ తరబడి తిరగడం, ఇవన్నీ మీకు తెలిసే ఉంటాయి. మర్దానా ముస్లిం అన్నది మాత్రం చాలామందికి తెలియదు. నానక్ పాడితే వాయించింది ఆయనే.

కానీ అందరూ ఈ యాత్రల దగ్గరే ఆగిపోతారు. నా లెక్కలో అసలు సంగతి తర్వాత ఉంది. యాభై దాటాక ఆయన ఆ ఫకీరు బట్టలు విప్పేసి రావి నది ఒడ్డున కర్తార్‌పూర్ అని ఊరు కట్టుకుని నాగలి పట్టాడు. 1520ల నుంచి 1539లో పోయేదాకా రైతే. పొద్దున్నే పాట, పగలంతా పొలం, సాయంత్రం మళ్ళీ పాట, అందరికీ కలిపి ఒకే వంట. సన్యాసం తీసుకోమని ఎవరికీ చెప్పలేదు. ఒళ్ళొంచి సంపాదించు, నామం జపించు, పంచుకుని తిను, ఇంతే. 2019లో కారిడార్ తెరిచారు అని టీవీలో చూపించిన కర్తార్‌పూర్ ఇదే.

ఇప్పుడు కొడుకుల దగ్గరికొద్దాం. పెద్దాయన శ్రీచంద్, చిన్నాయన లఖ్మీదాస్. శ్రీచంద్ చెడ్డవాడు, తండ్రి మాట వినలేదు, అందుకే ఇవ్వలేదు అని కొందరు చెప్తుంటారు గానీ అది తప్పు. ఆయన పెద్ద తపస్వి, పెళ్ళి చేసుకోలేదు, ఉదాసీ అనే సాధువుల సంప్రదాయం ఆయన పేరు మీదే నడిచింది, సిక్కులు ఇప్పటికీ బాబా శ్రీచంద్ అని గౌరవంగానే అంటారు. సమస్య ఎక్కడంటే, ఆయన చేతిలో పెడితే అది జటలు పెంచుకున్న సాధువుల మఠం అయి కూర్చునేది. తండ్రి ఇరవై ఏళ్ళు నాగలి పట్టి చూపించిందేమో సంసారంలో ఉంటూనే చేసే సాధన. చిన్నాయన దానికి ఇంకో చివర, వేట, ఆస్తి, సంసారం. ఇద్దరికీ మధ్యలో ఉన్న మనిషి కావాలి.

ఆ మనిషి లెహ్‌నా. ఖదూర్ అనే ఊళ్ళో ఉండేవాడు, ఏటా ఊరివాళ్ళని వెంటబెట్టుకుని జ్వాలాముఖి అమ్మవారి యాత్రకి వెళ్ళేవాడు. ఒకసారి దారిలో కర్తార్‌పూర్‌లో ఆగి ఇక అక్కడే ఉండిపోయాడు. సాఖీ ఏంటంటే, వచ్చిన కొత్తలో మంచి పట్టుబట్టల్లో ఉండగా నానక్ గారు పొలంలో కలుపు తీసి కట్టిన తడిగడ్డి మోపు చూపించి ఎవరైనా ఇంటికి మొయ్యండి అన్నారు. కొడుకులు కూలివాళ్ళని పిలుద్దాం అన్నారు. లెహ్‌నా మాత్రం నెత్తిన పెట్టుకుని బురదనీళ్ళు పట్టుబట్టల మీద కారుతుంటే నడుచుకుంటూ వెళ్ళాడు. ఆవిడ, అంటే నానక్ భార్య సులఖ్నీ, అయ్యో ఏంటండీ ఆ బురద అంటే అది బురద కాదు కుంకుమపువ్వు అన్నాడట నానక్.

1539లో పోయే ముందు నానక్ గారు అందరి ఎదురుగా లెహ్‌నా ముందు ఐదు పైసలు, కొబ్బరికాయ పెట్టి తనే ఆయన కాళ్ళకి మొక్కారు. గురువు శిష్యుడికి మొక్కడం, ఇది గుర్తుపెట్టుకోండి. అంగద్ అని పేరు పెట్టారు, అంటే నా అంగం, నా ఒంట్లో భాగం అని. మీ రెండో ప్రశ్నకి అసలు జవాబు ఇక్కడుంది. తర్వాత వచ్చిన గురువుల్లో సిక్కుల పవిత్ర గ్రంథం గురు గ్రంథ్ సాహిబ్‌లో పద్యాలున్నవాళ్ళు ఎవరూ చివర్లో తమ పేరు పెట్టుకోలేదు, "నానక్" అనే సంతకం పెట్టారు. మన శతకాల్లో మకుటం ఉంటుంది కదా, వేమన అంటే వేమన రాసినట్టే లెక్క. ఇక్కడ అలా కాదు, మనిషి మారినా మకుటం మారదు. అంగద్ కాలం నాటి సంగతులు పాడిన సత్తా, బల్వంద్ అనే గాయకుల పాట గ్రంథంలోనే ఉంది, వెలుగు అదే, పద్ధతి అదే, రాజు ఒళ్ళు మార్చుకున్నాడు అంతే అని. అంటే వాళ్ళ దృష్టిలో ఐదుగురు గురువులు కాదు, ఐదు ఒళ్ళల్లో ఒక నానక్.

కొడుకులతో గొడవ రాకుండా అంగద్ గారు కర్తార్‌పూర్ వదిలేసి తన ఊరు ఖదూర్‌కి వచ్చేశారు. ఈయన గురించి పుస్తకాల్లో రెండు లైన్లు రాసి వదిలేస్తారు, నాకైతే ఈయనే ఇష్టం. రాసింది తక్కువ, 63 సలోకులు (చిన్న పద్యాలు), మిగతా అంతా పని. గుర్ముఖి లిపిని ఒక పద్ధతిలో పెట్టి పిల్లలకి నేర్పించింది ఈయన. దాని విలువ తెలియాలంటే అంతకుముందు ఏముండేదో తెలియాలి. వ్యాపారులు లండా అనే లిపిలో చిట్టాలు రాసుకునేవాళ్ళు, అందులో గుణింతాలు దాదాపు ఉండవు. ఉత్తర భారతంలో ఆ రకం లిపుల మీద పాత జోకు ఒకటుంది. షావుకారు "అజ్మేర్ గయే" (అజ్మేర్ వెళ్ళారు) అని గుమాస్తా ఇంటికి ఉత్తరం రాస్తే ఇంట్లోవాళ్ళు "ఆజ్ మర్ గయే" (ఇవాళ పోయారు) అని చదువుకుని ఏడుపులు మొదలుపెట్టారట. పప్పు ఉప్పు లెక్కకి అలాంటి లిపి సరిపోతుంది గానీ నానక్ పాట రాసుకోవడానికి సరిపోతుందా? దీర్ఘం పోతే అర్థం పోతుంది. అందుకే 35 అక్షరాలు, వాటికి గుణింతపు గుర్తులు, రాసింది రాసినట్టు చదవగలిగే లిపి. సంస్కృతం పండితుల దగ్గర, పారసీ ఆఫీసుల్లో ఉన్న రోజుల్లో పల్లెటూరి పిల్లాడి చేతిలో పలక పెట్టినట్టు.

ఆయన భార్య ఖీవీ గారి సంగతి కూడా చెప్పాలి. లంగర్, అంటే అందరికీ కలిపి చేసే ఆ వంట, ఆవిడ చేతిలో నడిచింది, నెయ్యి వేసిన పాయసం పంచేదని ఆ సత్తా బల్వంద్ పాటలోనే ఉంది. గురువుల ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఎందరో ఉన్నా గ్రంథంలో పేరుపెట్టి మెచ్చుకున్నది ఈవిడనే. అక్కడే పిల్లలకి కుస్తీ అఖాడా కూడా పెట్టారు. జపం, పలక, కుస్తీ, పాయసం అన్నీ ఒకే వాకిట్లో.

మూడో గురువు అమర్‌దాస్. ఇక్కడ ఒక తమాషా చూడండి, ఈయన పుట్టింది 1479, గురువు అంగద్ పుట్టింది 1504. శిష్యుడు గురువు కంటే పాతికేళ్ళు పెద్ద. వైష్ణవుడు, ఏటా హరిద్వార్ వెళ్ళేవాడు, ఇంట్లో తమ్ముడి కోడలు అమ్రో తెల్లవారుజామున పాడుతుంటే విని ఎవరిదమ్మా ఈ పాట అని అడిగాడు. ఆ పిల్ల అంగద్ గారి కూతురే, పాట నానక్‌ది. అలా అరవై దాటాక ఖదూర్ వచ్చి పన్నెండేళ్ళ దాకా రోజూ చీకటితో లేచి బియాస్ నది నుంచి గురువు స్నానానికి కడవతో నీళ్ళు మోశాడు. వానలో ఒకరాత్రి ఒక నేతగాడి ఇంటిముందు గుంతలో కాలు తగిలి పడితే లోపలి నుంచి ఎవరా అని అడిగాడు, వాళ్ళావిడ "ఇంకెవరు, ఇల్లూ వాకిలీ లేని ఆ అమ్రూ అయ్యుంటాడు" అంది. ఆ ఇల్లూ వాకిలీ లేనివాడే 1552లో, 73 ఏళ్ళ వయసులో గురువయ్యాడు. అంగద్ కొడుకులు ఉండగా! వాళ్ళలో దాతూ అనే ఆయన కోపంతో వచ్చి సభలోనే ముసలాయన్ని కాలితో తన్నాడు. ఆయనేమో ఆ కాలు పట్టుకుని, నాయనా ముసలి ఎముకలు గట్టివి, నీ కాలికి దెబ్బ తగిలిందేమో అన్నాడని సాఖీ. అంటే గద్దె కోసం ఇంట్లో గొడవలు లేవని కాదు, ప్రతిసారీ ఉన్నాయి, గొడవపడ్డ కొడుకు ప్రతిసారీ ఉన్నాడు.

గోయింద్వాల్‌లో ఈయన పెట్టిన రూలు ఒకటుంది, ముందు పంగత్ తర్వాత సంగత్, అంటే సభ. నన్ను చూడాలంటే ముందు వరసలో కూర్చుని అందరితో కలిసి తిను అని. అక్బర్ వచ్చినా కింద కూర్చునే తిన్నాడని వాళ్ళు చెప్పుకుంటారు. పంగత్ అంటే పంక్తి, మన బంతి భోజనంలో బంతి. మన ఊళ్ళల్లో పెళ్ళి భోజనాలు గుర్తు తెచ్చుకోండి, మొదటి బంతి ఎవరికి, చివరి బంతి ఎవరికి, అసలు బంతిలోకి రానివ్వకుండా ఆకులో పెట్టి బయట ఇచ్చింది ఎవరికి. నా చిన్నప్పుడు నేను కళ్ళారా చూశా. కులాలు కలిపి కూర్చోబెట్టడం మనకి తెలియనిది కాదు, పల్నాట్లో బ్రహ్మనాయుడు చాపకూడు 12వ శతాబ్దంలోనే పెట్టాడని చెప్పుకుంటాం కదా. కానీ అది ఆ కథతోపాటే ఆగిపోయింది. వీళ్ళది రేపు పొద్దున కూడా పొయ్యి వెలుగుతుంది. ఎందుకంటే అది ఒక మహానుభావుడి పుణ్యం మీద వదిలెయ్యకుండా దర్శనానికి షరతు చేసిపెట్టారు, తినకపోతే లోపలికి లేదు, అంతే.

గోయింద్వాల్‌లో 84 మెట్ల దిగుడుబావి తవ్వించారు, సతిని పరదాని వద్దన్నారు, దూర ఊళ్ళల్లో ఉన్నవాళ్ళ కోసం 22 మంజీలు పెట్టారు. మంజీ అంటే మన మంచమే, ఆ ఊరి పెద్ద దాని మీద కూర్చుని నలుగురికీ చెప్తాడు కాబట్టి ఆ పదవికే మంచం పేరు వచ్చింది. 1574లో 95 ఏళ్ళకి పోయారు.

నాలుగో గురువు రామ్‌దాస్, అసలు పేరు జేఠా. 1534లో లాహోర్‌లో పుట్టాడు, ఏడేళ్ళకే అమ్మానాన్న పోతే అమ్మమ్మ తెచ్చుకుంది, ఉడికించిన శనగలు గంపలో పెట్టుకుని అమ్మేవాడు. అమర్‌దాస్ గారు తన కూతురు భానీని ఇచ్చి పెళ్ళి చేశారు. పెద్దల్లుడు రామాకీ ఈయనకీ పోటీ పెట్టిన సాఖీ పంజాబ్‌లో చిన్నపిల్లలు కూడా చెప్తారు. ఇద్దర్నీ చెరొక అరుగు కట్టమన్నారు, కట్టాక బాలేదు పడగొట్టు అన్నారు, మళ్ళీ కట్టమన్నారు, మళ్ళీ పడగొట్టమన్నారు. రామా మూడోసారికి మామగారికి వయసు మీదపడి మతి పోయిందన్నాడు. జేఠా ఏడుసార్లు కట్టి, తప్పు నాదే, మీరు చెప్పింది నాకు అర్థం కావట్లేదు అన్నాడు. (మా రీజినల్ మేనేజర్ ఒకాయన కూడా ఒకే స్టేట్‌మెంట్ ఏడుసార్లు మార్పించేవాడు, నాకు మాత్రం ఏ గద్దే రాలేదు.)

ఈయన ఒక చెరువు తవ్వించి, దాని చుట్టూ ఊరు వేసి, రకరకాల చేతిపనుల వాళ్ళని, వ్యాపారుల్ని పిలిచి కూర్చోబెట్టారు. రామ్‌దాస్‌పుర అనేవాళ్ళు, తర్వాత ఆ చెరువు పేరే ఊరి పేరైంది, అమృత్‌సర్. సిక్కుల పెళ్ళిలో గ్రంథం చుట్టూ నాలుగుసార్లు తిరిగేటప్పుడు పాడే నాలుగు లావాఁలు కూడా ఈయనవే.

ఇప్పుడు మీ ప్రశ్నలో చేదు భాగం. "సిక్కుల్లో వంశపారంపర్యం లేదు" అనే మాట సగమే నిజం. నానక్ బేదీ, అంగద్ త్రెహాన్, అమర్‌దాస్ భల్లా, రామ్‌దాస్ సోధీ, నాలుగు వేరు వేరు ఇళ్ళు. కానీ రామ్‌దాస్ తర్వాత ఐదో గురువు నుంచి పదో గురువు దాకా అందరూ ఆ సోధీ ఇంటివాళ్ళే. పైగా పదిమందీ ఖత్రీ అనే ఒకే కులంవాళ్ళే. దీనికి కూడా వాళ్ళ దగ్గర సాఖీ ఉంది, తండ్రి ధ్యానంలో ఉండగా పీట కోడు విరిగితే భానీ గారు తన చెయ్యి పెట్టి ఆపింది, రక్తం కారింది, ఏం కావాలో కోరుకో అంటే ఈ గద్దె మా ఇంట్లోనే ఉండాలి అంది, సరే గానీ ఇకమీద దీనితో కష్టాలు కూడా మీ ఇంట్లోనే ఉంటాయి అన్నాడు తండ్రి. నాకు ఈ సాఖీ ఎందుకు నచ్చుతుందంటే వాళ్ళకి కూడా ఇక్కడ ఏదో మారింది అని తెలుసు, దాచిపెట్టలేదు, కథ కట్టి పెట్టుకున్నారు. ఇంకోటి, ఇంట్లోనే ఉన్నా పెద్దకొడుక్కి అనే రూలు లేదు. రామ్‌దాస్ గారికి ముగ్గురు కొడుకులు, పృథీచంద్, మహాదేవ్, అర్జన్. 1581లో గద్దె ఆఖరివాడికి, 18 ఏళ్ళ అర్జన్‌కి ఇచ్చారు.

ఎందుకో చెప్పే కథ ఇది. లాహోర్‌లో చుట్టాల పెళ్ళికి తండ్రి అర్జన్‌ని పంపి, పిలిచేదాకా అక్కడే ఉండమన్నారు. పిలుపు రాదు. బెంగపడి నాన్నకి పద్యంలో ఉత్తరం రాశాడు, పృథీచంద్ నొక్కేశాడు. రెండోది రాశాడు, అదీ అంతే. మూడోదాని మీద "3" అని అంకె వేసి, తండ్రి చేతికే ఇవ్వమని పంపాడు. మూడు అని ఉంది, మరి ఒకటీ రెండూ ఏవి? పృథీచంద్ కోటు జేబులో దొరికాయి.

ఆ అంకె వెయ్యడం అనే అలవాటు చూడండి, అది తర్వాత ఎంత పెద్ద పనికొచ్చిందో. పృథీచంద్ వర్గం విడిపోయి వాళ్ళు కూడా నానక్ మకుటంతోనే పద్యాలు రాయడం మొదలుపెట్టారు. మకుటం అందరిదీ ఒకటే అయినప్పుడు ఏది అసలు ఏది నకిలీ అని ఎలా తేలుతుంది? అర్జన్ గారు అమృత్‌సర్‌లో రామ్‌సర్ అనే చెరువు పక్కన కూర్చుని, నలుగురు గురువుల పద్యాలు, తనవి, అన్నీ వడపోసి భాయీ గుర్‌దాస్ చేత రాయించారు. ప్రతి పద్యం పైన మహలా అని ఒక అంకె. మహలా 1 అంటే నానక్, 2 అంటే అంగద్, 5 అంటే తను. సంతకం ఒకటే, కానీ ఎవరు రాశారో అంకె చెప్తుంది. విషయాల వారీగా కాకుండా రాగాల వారీగా పేర్చారు, మర్దానా రబాబ్ ఇంకా వినపడుతున్నట్టు. 1604లో హర్‌మందిర్‌లో పెట్టారు, మొదటి గ్రంథీ, అంటే గ్రంథం చదివి వినిపించే ఆయన, బాబా బుడ్ఢా. దాంట్లో వాళ్ళ గురువులవే కాదు, నేతపని కబీర్, చెప్పులు కుట్టే రవిదాస్, సూఫీ ఫరీద్, పండరీపురం నామ్‌దేవ్ కూడా ఉన్నారు. నామ్‌దేవ్‌వి 61 ఉన్నాయి. మన పక్క మరాఠీ ఆయన పంజాబ్ గ్రంథంలో ఎలా చేరాడా అని నేను మొదటిసారి విన్నప్పుడు ఆశ్చర్యపోయా.

హర్‌మందిర్ అంటే మీరు ఫోటోల్లో చూసే స్వర్ణ దేవాలయమే, బంగారు రేకులు మాత్రం తర్వాత 19వ శతాబ్దంలో రంజిత్ సింగ్ కాలంలో వచ్చినవి. నాలుగు వైపులా వాకిళ్ళు, గుడికి ఎక్కడం కాదు, మెట్లు దిగి వెళ్ళాలి. మన కొండమీద దేవుళ్ళకి అలవాటుపడ్డ కాళ్ళకి అది కొత్తగా ఉంటుంది.

ఊరు, గుడి, పుస్తకం, పదోవంతు కానుకలు, ఊరూరా మనుషులు, ఇన్ని ఉంటే మొఘల్ పాదుషా కన్ను పడకుండా ఉండదు. జహంగీర్ తన రోజుల చరిత్రలో తనే రాసుకున్నాడు, గోయింద్వాల్‌లో అర్జన్ అనేవాడు ఉన్నాడు, మూడు నాలుగు తరాలుగా ఈ దుకాణం నడుపుతున్నారు, దీన్ని మూయించాలని చాలాకాలంగా అనుకుంటున్నా అని. తిరగబడ్డ కొడుకు ఖుస్రో దారిలో ఆయన్ని కలిస్తే నుదుట బొట్టు పెట్టాడన్నది కారణం. 1606లో మే ఆఖరున లాహోర్‌లో చిత్రహింసలు పెట్టి చంపారు. మండుటెండలో కాలే పెనం మీద కూర్చోబెట్టారని చెప్తారు. అందుకే ఏటా ఆ రోజుల్లో పంజాబ్ రోడ్ల మీద బస్సులు ఆపి మరీ చల్లటి తియ్యటి పాలనీళ్ళు పోస్తారు, ఛబీల్ అంటారు. మొదటి ఏడాది నేను డబ్బులివ్వబోతే ఆ కుర్రాడు గ్లాసు మళ్ళీ నింపి ఇచ్చాడు.

తర్వాత కొడుకు హర్‌గోబింద్ రెండు కత్తులు కట్టాడు, అక్కడి నుంచి కథ వేరే దారి, ఇంకో ప్రశ్న వెయ్యండి రాస్తా. గురు గోబింద్ సింగ్ నానక్ శిష్యుడు అని కొందరు అనుకుంటారు, కాదండీ, ఆయన పదో గురువు, నానక్ పోయిన 127 ఏళ్ళకి పుట్టారు. 1708లో నాందేడ్‌లో గోదావరి ఒడ్డున పోయారు, అదే గోదావరి కొంచెం కిందకొచ్చి మా కందకుర్తి దగ్గర తెలంగాణలో అడుగుపెడుతుంది. పోయే ముందు ఇకమీద మనిషి గురువు ఉండడు, గ్రంథమే గురువు అని దానికి మొక్కారు. నానక్ లెహ్‌నాకి మొక్కారే, అదే మొక్కు.

ఇక బీదర్. అక్కడి గురుద్వారాని నానక్ ఝీరా సాహిబ్ అంటారు, ఝీరా అంటే ఊట. దక్షిణాది యాత్రలో నానక్ ఇక్కడికొచ్చినప్పుడు రాయి కిందనుంచి మంచినీళ్ళు పుట్టాయని సాఖీ, ఊట ఇప్పటికీ ఉంది, తాగొచ్చు, బాటిల్ తీసుకెళ్ళండి. తలకి కర్చీఫో చున్నీయో కట్టుకోవాలి, మగవాళ్ళయినా సరే, లేకపోతే వాకిట్లో బుట్టలో ఉంటాయి. కాళ్ళు కడుక్కునే చిన్న నీటి కాలవ దాటి లోపలికెళ్తారు. లంగర్‌లో మాత్రం ఒక సంగతి, మనవాళ్ళు అందరూ ఇక్కడే తప్పుచేస్తారు, నేనూ చేశా. రొట్టెలు పంచే అతను మీ ముందుకొచ్చినప్పుడు కంచం చూపించకండి, ఒక చేత్తో లాక్కోకండి. రెండు చేతులూ కలిపి దోసిలి పట్టండి, అందులో వేస్తాడు. నేను మొదటిసారి మామూలుగా ఎడంచేతిలో కంచం పట్టుకుని కుడిచెయ్యి చాపా, పక్కన కూర్చున్న ముసలాయన ఏమీ అనకుండా నా కంచం తీసి కిందపెట్టి నా రెండు చేతులూ దగ్గరికి చేర్చాడు. పప్పు ఎంత కావాలంటే అంత వేయించుకోండి, వదిలెయ్యొద్దు. పిల్లల్ని మీ పక్కనే కాకుండా వరసలో ఖాళీ ఎక్కడుంటే అక్కడ కూర్చోబెట్టండి, మీకోసం వరసలో చోటు ఆపమంటే ఎవరూ ఆపరు.